వైద్యుడా, కాడా? డేనియల్ డేవిడ్ పామర్ చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, మిసిసిపీ మహానది ఒడ్డున, అయోవా రాష్ట్రమునందు డావెన్‌పోర్టు అను పట్టణము కలదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దమున ఆ పట్టణములో ర్యాన్ బ్లాక్ అను కట్టడపు నాలుగవ అంతస్తున నెరసిన గడ్డముగల ఒక మనిషి గదులు అద్దెకు తీసికొని మందులేని వైద్యము సాగించుచుండెను. ఆతని వద్ద మందుల పెట్టె లేదు, కత్తి లేదు, వైద్య కళాశాల ఇచ్చిన పట్టా అంతకంటె లేదు. రెండు చేతులే ఆతని సాధనములు. వచ్చిన రోగిని పరుండబెట్టి, బాధ యున్న తావున చేతులుంచి, తనలోని అయస్కాంత శక్తిని రోగి దేహములోనికి ప్రవహింపజేయుదునని చెప్పెడివాడు. ఆతని పేరు డేనియల్ డేవిడ్ పామర్. తెలుగువాని చెవికి ఆ పేరు పామరత్వమును స్ఫురింపజేయును గాని, ఆతడు పామరుడు కాడు. పండితుడని చెప్పుటకును వీలులేదు. కైరోప్రాక్టిక్ అను ఒక కొత్త వృత్తిని ఆతడు లోకమునకిచ్చెను. ఆ వృత్తిని అవలంబించినవాడు వైద్యుడా, కాడా యను ప్రశ్నను గూడ దానితోడనే ఇచ్చిపోయెను. మొదటిదానికి కీర్తి వచ్చినది. రెండవదానికి ఈనాటికిని పూర్తిగా సమాధానము రాలేదు.

పామర్ 1845వ సంవత్సరము మార్చి 7వ తేదీన కెనడా దేశములో, టొరాంటో నగరమునకు తూర్పుననున్న పికరింగ్ ప్రాంతమున జన్మించెను. క్రమమైన చదువు పెద్దగా సాగలేదు. 1865లో, అమెరికా అంతర్యుద్ధము ముగిసిన యేడు, తమ్ముడు థామస్‌తో కలసి సరిహద్దు దాటి అమెరికా చేరెను. అచ్చట కొన్నాళ్ళు పల్లెబడులలో పంతులుగా పనిచేసెను. పిమ్మట ఇల్లినాయ్ రాష్ట్రమున న్యూ బోస్టన్ అను ఊర నేల కొని తేనెటీగలను పెంచెను. రాస్ప్‌బెర్రీ పండ్ల తోట వేసి, తానే ఒక కొత్త రకమును వృద్ధిచేసి మొక్కలు అమ్మెను. తరువాత అయోవాలో వాట్ చీర్ అను బొగ్గుగనుల ఊరిలో పచారీ కొట్టు పెట్టెను. అచ్చటనే 1882లో ఆతని కుమారుడు బార్ట్‌లెట్ జాషువా పుట్టెను. లోకము ఆ కుమారుని బి.జె. అను రెండక్షరములతోనే ఎరుగును. బిడ్డ రెండేండ్లవాడై యుండగా తల్లి గతించెను. పామర్ పలుమార్లు వివాహము చేసికొనెను; ఇంటిలో సవతి తల్లుల రాకపోకల నడుమ పెరిగిన పిల్లలకు తండ్రిపై ప్రేమకంటె భయమే మిక్కుటముగా నుండెను. ముందు జరుగబోవు కథకు ఈ విషయము అవసరము.

నలుబదియేండ్లు నిండినవాడు పచారీ కొట్టు మూసి వైద్యమునకు దిగుట నేటివారికి వింతగా తోచవచ్చును. ఆనాటి అమెరికాలో అది వింత కాదు. శాస్త్రవైద్యమే అప్పటికి తొట్రుపడుచుండెను. పాదరసపు గుళికలు మ్రింగించుట, వాంతులు విరేచనములు కల్పించుట, నల్లమందు పోయుట ఇంకను వాడుకలో నుండెను. కొన్ని నెలల ఉపన్యాసములు వినిన వానికే పట్టా ఇచ్చెడు వైద్య కళాశాలలు అనేకము. రోగి వైద్యునికి భయపడి హోమియోపతి, జలచికిత్స, ప్రార్థనా చికిత్స మున్నగువాని వైపు పరుగిడుచుండెను. అట్టి మార్గములలో అయస్కాంత చికిత్స యొకటి. పద్దెనిమిదవ శతాబ్దిలో మెస్మర్ అను వియన్నా వైద్యుడు ప్రచారములోనికి తెచ్చిన ఈ భావము సముద్రము దాటి వచ్చి అయోవాలో వేళ్ళూనెను. ఆ రాష్ట్రములోనే ఆటమ్వా అను ఊరిలో పాల్ కాస్టర్ అను చికిత్సకుడు దీనితో ధనము, ఖ్యాతి గడించెను. పామర్ ఆ మార్గము పట్టి 1886లో బర్లింగ్టన్‌లోను, 1887లో డావెన్‌పోర్టులోను స్థిరపడెను. తొమ్మిదేండ్లు ఆ వృత్తి ఆతనికి బాగుగనే గడచెను.

అయితే కూడు పెట్టిన విద్యతో తృప్తి చెందుట ఆతని స్వభావము కాదు. ఒకే బల్లపై భుజించి, ఒకే కర్మాగారములో పనిచేయు ఇరువురిలో ఒకడు ఏల జబ్బుపడును, రెండవవాడు ఏల పడడు అను సందేహము ఆతనిని విడువలేదు. శరీరశాస్త్ర గ్రంథములు కొని చదువుచుండెను, ఎముకలు సేకరించుచుండెను. చదువు ఒక గురువు వద్ద కాక, తనంతట తాను సంపాదించినవానికి కలుగు లాభము, నష్టము రెండును ఆతనికి సంక్రమించినవి. ఎవరును అడుగని ప్రశ్నలు అడుగ గలిగెను. తన జవాబు తప్పని చెప్పగలవారు మాత్రము ఆతని చెంత లేకపోయిరి.

1895 సెప్టెంబరు 18వ తేదీన జరిగినట్లు పామర్ చెప్పిన సంఘటనతో కైరోప్రాక్టిక్ చరిత్ర ఆరంభమగును. ర్యాన్ బ్లాక్ కట్టడమును శుభ్రపరచు ఉద్యోగి హార్వీ లిల్లార్డ్ అను నల్లజాతీయుడు. పదునేడేండ్లుగా ఆతనికి చెవుడు. ఎప్పుడో వంగి పనిచేయుచుండగా వీపులో ఏదియో కదలినట్లు తోచెననియు, నాటినుండి వినికిడి పోయెననియు ఆతడు పామర్‌తో చెప్పెను. పామర్ వెన్ను తడవి చూచి, ఒక పూస తావు తప్పి యున్నదని నిశ్చయించి, ఆతనిని బోర్లపరుండబెట్టి చేతితో అదరున నొక్కెను. లిల్లార్డ్‌కు వీధిలో బండి చక్రముల చప్పుడు వినవచ్చెనని పామర్ కథనము. లిల్లార్డ్ కుమార్తె తరువాతి కాలమున మరియొక విధముగా చెప్పెను. తండ్రి ఎవరితోనో పరిహాసములాడుచుండగా పామర్ వచ్చి ఆ ముచ్చట విని, నవ్వుచు చేతిలోని పుస్తకముతో వీపున చరచెననియు, కొన్నాళ్ళకు చెవి కొంత మెరుగైనట్లు తండ్రికి తెలిసెననియు ఆమె మాట. తేదీ విషయమునను చరిత్రకారులకు సందేహములు కలవు. ఏది ఎట్లున్నను, వినికిడి నాడి వెన్నెముక గుండ పోవునది కాదనియు, అది తలలోనే పుట్టి తలలోనే ముగియుననియు శరీరశాస్త్రము తెలిసినవారు నాడే ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణకు సరియైన ప్రత్యుత్తరము రాలేదు.

లిల్లార్డ్ తరువాత హృద్రోగముతో బాధపడు మరియొక రోగి వచ్చెను. పామర్ ఆతనికిని ఒక వెన్నుపూస సవరించెను, ఉపశమనము కలిగెనట. చెవికి, గుండెకు సంబంధము లేదు. అట్టి రెండు రోగములు ఒకే విధముగా నయమైనచో, రెంటికిని మూలకారణము ఒక్కటియే కావలెనని పామర్ తలచెను. ఇచ్చటనే ఆతని జీవితపు మలుపు కలదు. రెండు అనుభవములనుండి సకల రోగములకు వర్తించు సూత్రమును లాగుట సాహసము. ఆతడు ఆ సాహసము చేసెను. నూటికి 95 వ్యాధులు వెన్నుపూసలు తావు తప్పుటవలననే కలుగుననియు, తక్కిన 5 ఇతరములగు కీళ్ళు తప్పుటవలన కలుగుననియు తేల్చెను. మొదట నరములు నొక్కబడుటయే కారణమనెను. తరువాత నరముల బిగువు హెచ్చుటయు తగ్గుటయు కారణమనెను. ప్రతి దేహమునందును ఒక సహజ ప్రజ్ఞ యున్నదనియు, అది నరముల ద్వారమున దేహమును పాలించుననియు, త్రోవకు అడ్డు తొలగించిన దేహము తన్ను తానే బాగుచేసికొనుననియు బోధించెను. మన ప్రాణశక్తి భావన చదువరికి గుర్తు రాక మానదు. కాని పామర్‌కు ఇది ఆనాటి అమెరికా ఆత్మవాదులనుండి, అయస్కాంత చికిత్సకులనుండి సంక్రమించిన సొత్తు.

కొత్త విద్యకు పేరు కావలసి వచ్చెను. 1896లో పామర్ మిత్రుడును రోగియునగు శామ్యూల్ వీడ్ అను క్రైస్తవ బోధకుడు గ్రీకు భాషలో చేయి యను మాటను, క్రియ యను మాటను కలిపి కైరోప్రాక్టిక్ అను పదమును కూర్చి ఇచ్చెను. చేతితో చేయునది అని దాని యర్థము. ఆలోచించి చూడగా ఈ పేరులో రోగము లేదు, ఔషధము లేదు, వైద్యము అను మాటయే లేదు. అది యాదృచ్ఛికమే కావచ్చును గాని, కొలది కాలములో న్యాయస్థానముల యెదుట ఈ లేమియే గొప్ప బలమయ్యెను.

చేతితో ఎముకలు సవరించుట పామర్‌తో పుట్టినది కాదు. ప్రాచీన గ్రీసులో హిప్పోక్రటీస్ సంప్రదాయపు గ్రంథములలో వెన్ను సవరణ ప్రసక్తి కలదు. ఇంగ్లండులో ఎముకలు కట్టువారి వంశములుండెడివి. మన దేశమున పుత్తూరు కట్టు వినని తెలుగువాడు లేడు. నడుము పట్టినచో ఎదురుకాళ్ళతో పుట్టినవానిచే వీపున తన్నించుకొను పల్లెజనమును నిన్న మొన్నటివరకు చూచినదే. పామర్ ఈ ప్రాచీనతను దాచలేదు. వెన్నుపూసలను సవరించిన మొదటివాడను నేనని ఆతడు చెప్పుకొనలేదు. పూసనుండి వెనుకకును ప్రక్కలకును పొడుచుకొని వచ్చు ఎముక కొనలను మీటగోలగా వాడి, ఒక్కొక్క పూసను విడిగా సవరించు పద్ధతి మాత్రమే తనదని వాదించెను. ఆతనికంటె ముందుగా, 1874లోనే, ఆండ్రూ టేలర్ స్టిల్ అను వైద్యుడు ఆస్టియోపతి యను పేర ఇట్టి చేతివైద్యమును ప్రకటించి, 1892లో మిస్సోరి రాష్ట్రపు కర్క్స్‌విల్‌లో పాఠశాల తెరచి యుండెను. పామర్ ఆ విద్యనే దొంగిలించెనని ఆస్టియోపతులు నిందించిరి. ఆతడు తీవ్రముగా ఖండించెను. ఈ రెండు వృత్తులు ఇరుగు పొరుగున పుట్టియు ఎంత వేరు త్రోవలు పట్టెనో ముందు తెలియగలదు.

తొలినాళ్ళలో పామర్ తన విద్యను రహస్యముగా నుంచదలచెను. 1897లో ఒక రైలు ప్రమాదమున చావు తప్పి బయటపడినపుడు, తనతోపాటు విద్యయు నశించిపోవునేమో యను భయము కలిగి బోధింప నారంభించెనందురు. 1898 మొదలు శిష్యులు చేరిరి. రుసుము ఎక్కువ, శిష్యులు తక్కువ, చదువు కొలది మాసములు. 1902 నాటికి పట్టా పొందినవారు పదునైదుగురే. వారిలో కుమారుడు బి.జె. యొకడు. ఆ యేటనే పామర్, అప్పులతో కూడిన పాఠశాలను ఇరువదియేండ్లయినను నిండని కొడుకు తలపై విడిచి పశ్చిమ తీరమునకు వెడలిపోయెను. రెండు సంవత్సరములకు మరల వచ్చెను. వచ్చునప్పటికి కొడుకు పాఠశాలకు యజమానివలె మాటలాడుచుండెను.

శిష్యులలో మరియొక చిక్కు బయలుదేరెను. సోలన్ లాంగ్‌వర్తీ అను శిష్యుడు సెడార్ రాపిడ్స్ పట్టణమున వేరు పాఠశాల పెట్టి, పూస సవరణతో ప్రకృతి చికిత్సలను కలిపి, పాఠక్రమమును దీర్ఘముగా నేర్పరచెను. పామర్ దృష్టిలో ఇది కల్తీ. 1905లో మినెసోటా రాష్ట్ర శాసనసభ కైరోప్రాక్టిక్‌ను గుర్తించు చట్టమొకటి ఆమోదించెను. అమలైయున్నచో అది లోకములోనే అట్టి మొదటి చట్టమై యుండెడిది. లాంగ్‌వర్తీ పక్షమువారికి మేలు చేయునను తలంపుతో పామర్ స్వయముగా గవర్నరును ఆశ్రయించి దానిని నిరాకరింపుమని కోరెను. గవర్నరు నిరాకరించెను. తాను పుట్టించిన వృత్తికి రానున్న మొదటి రాజముద్రను తానే చెరిపించెను. పామర్ జీవితములో ఆతని మొండితనమును ఇంతకంటె స్పష్టముగా చూపు ఘట్టము మరియొకటి లేదు. స్వచ్ఛమైనదే కావలెను, లేనిచో అసలే వలదనువాని నిజాయితీని మెచ్చవచ్చును. వాని వెంట నడచువారి కష్టము మరచిపోరాదు.

మరుసటి యేడే ఆ చట్టము లేమి ఆతనికి స్వయముగా తగిలెను. 1906లో, అనుమతి పత్రము లేక వైద్యము చేసెనను నేరముపై అయోవా న్యాయస్థానము పామర్‌ను దోషిగా నిర్ణయించి, 350 డాలర్ల జరిమానా గాని, 105 దినముల చెరసాల గాని విధించెను. జరిమానా చెల్లించుట తప్పు నొప్పుకొనుటయని తలచి ఆతడు చెరసాలకే పోయెను. అరువదియొకటవ యేట ఇనుపచువ్వల వెనుక కూర్చుండి తన పత్రికకు వ్రాయుచుండెను. ఇరువదిమూడు దినములు గడచునప్పటికి ఓపిక నశించెను. జరిమానా చెల్లించి బయటపడెను. బయట స్వాగతము పలుకుటకు పాఠశాలయు మిగులలేదు. తండ్రికొడుకులకు పొత్తు పొసగక మధ్యవర్తులు కూర్చుండి లెక్కలు తేల్చిరి. రెండువేల పైచిలుకు డాలర్లు, కొన్ని గ్రంథములు, కొన్ని ఎముకల నమూనాలు పుచ్చుకొని పామర్ తన పాఠశాలను కుమారునికి విడిచెను.

1907లో మరియొక అభియోగము నడచెను. దానిలో పామర్ లేడు, కాని ఆతని వృత్తి స్వరూపము ఆ తీర్పుతోనే ఏర్పడెను. విస్కాన్సిన్ రాష్ట్రపు లా క్రాస్ పట్టణమున షెగటారో మోరికుబో అను జపానుదేశీయుడు కైరోప్రాక్టిక్ వృత్తి సాగించుచుండగా, అనుమతి లేక ఆస్టియోపతి చేసెనని ఆతనిని బోనెక్కించిరి. ఆతని పక్షమున టామ్ మోరిస్ అను న్యాయవాది వాదించెను. ఈతడు రోగమును పరీక్షించుట లేదు, రోగమునకు చికిత్స చేయుట లేదు. తావు తప్పిన పూసను సవరించుచున్నాడు, అంతియే. ఈ విద్యకు వేరు తత్త్వము కలదు, వేరు శాస్త్రము కలదు, వేరు కళ కలదు. కావున వైద్య చట్టము ఈతనికి వర్తింపదు. మోరిస్ వాదసారమిది. మోరికుబో నిర్దోషి యని విడుదల యయ్యెను. అందు వాదమునకు ఆధారముగా చూపిన గ్రంథము లాంగ్‌వర్తీ మున్నగు ప్రత్యర్థులు 1906లో రచించినది కావుట విధివిలాసము.

ఆ విజయముతో బి.జె. కన్నులు తెరచెను. మోరిస్‌ను తన సంఘమునకు న్యాయవాదిగా నియమించుకొని, ఎచ్చట కైరోప్రాక్టర్ పట్టుబడినను ఇదే వాదము వినిపింపజేసెను. సహజ ప్రజ్ఞను గూర్చిన తత్త్వము ఇట్లు ఒక చేత విశ్వాసముగను, రెండవ చేత డాలుగను ఉపయోగపడెను. డాలు పట్టినవాడు దానిని దింపజాలడు. మేము వైద్యము చేయమని న్యాయస్థానమున ప్రమాణము చేయుచు, గదిలోనికి వచ్చిన రోగితో సమస్త రోగములు నయమగునని చెప్పుట ఎట్లు పొసగును? ఈ వైరుధ్యము వృత్తి లోపలనే రెండు శాఖలను పుట్టించెను. పూస సవరణ తప్ప వేరొకటి ముట్టమని పట్టుపట్టినవారు శుద్ధవాదులు. వేడి, నీరు, విద్యుత్తు, వ్యాయామము, ఆహార నియమము మున్నగువానిని కలుపుకొన్నవారు మిశ్రవాదులు. బి.జె. మొదటివారికి నాయకుడు. అయినను ఆతడును తండ్రి సూత్రములకు లోబడి యుండలేదు. 1910 నాటికి ఎక్స్‌రే యంత్రమును, 1924లో వెన్ను వేడిని కొలుచు యంత్రమొకటి తెచ్చి పెట్టెను.

డావెన్‌పోర్టు విడిచిన తండ్రి ఓక్లహోమా రాష్ట్రమున తమ్ముని చెంత కొంతకాలము మరల పచారీ కొట్టు నడపెను. వైద్యమును వదలలేక అచ్చటనే ఒకరితో భాగస్వామ్యమున పాఠశాల పెట్టి విడిపోయెను. పిమ్మట ఆరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లండ్ చేరి తన పేరిట మరియొక పాఠశాల తెరచెను, అదియు నిలువలేదు. కాని పోర్ట్‌లండ్‌లోనే 1910లో ఆతని పెద్ద గ్రంథము వెలువడెను. సుమారు వేయి పుటలు. కైరోప్రాక్టిక్ శాస్త్రమును, కళను, తత్త్వమును వివరింప బూనిన గ్రంథమది. విషయమంతయు క్రమము లేక, సూత్రములు, శరీర వర్ణనలు, పాత వ్యాసములు, వాదప్రతివాదములు కలగలసి యుండును. శిష్యుల తప్పులు దిద్దుట, అందునను కుమారుని తప్పులు దిద్దుట, పుటలకు పుటలు ఆక్రమించును. చదువరి విసుగు చెందును. అయినను తన పేరు, తన పాఠశాల, తన విద్య పరుల చేతికి పోయినవాని గోడు ఆ విసుగు వెనుక వినిపించును. శాస్త్ర గ్రంథముగా దానిని నేడు అంగీకరించువారు అరుదు. ఒక మనిషి అంతరంగమును తెలిసికొనుటకు మాత్రము అంతటి సామగ్రి వేరొకచోట దొరకదు.

1911లో ఆతని మనస్సు మరియొక దిక్కునకు పోయెను. చట్టముల చిక్కు తప్పవలెనన్నచో కైరోప్రాక్టిక్‌ను ఒక మతముగా ప్రకటింపవచ్చునేమో యని ఒక లేఖలో ఆలోచన వెలిబుచ్చెను. ప్రార్థనతో రోగము మాన్పు క్రిస్టియన్ సైన్స్ వారికి చట్టములలో మినహాయింపు ఉండుట ఆతడు గమనించెను. మహమ్మదు, క్రీస్తు, లూథర్ వంటివారి సరసన మత స్థాపకుడుగా తన్ను నిలుపుకొనుటకును వెనుదీయలేదు. ఆ యాలోచన ఆచరణలోనికి రాలేదు. వచ్చియున్నచో నేడు కైరోప్రాక్టర్ ఆసుపత్రి గడప తొక్కెడివాడు కాడు.

చివరి యేండ్లు ఆతడు లాస్ ఏంజిలిస్ నగరమున ఇతరుల పాఠశాలలో ఉపన్యాసము లిచ్చుచు గడపెను. 1913 ఆగస్టులో డావెన్‌పోర్టు పాఠశాలలో పూర్వవిద్యార్థుల ఉత్సవము జరిగెను. మూలపురుషుడు పిలువకయే వచ్చినట్లు వచ్చి, ఊరేగింపునకు ముందు తాను నడతునని పట్టుపట్టెను. బి.జె. మోటారు కారులో వచ్చుచుండెను. మాట మాట పెరిగెను. కారు తండ్రిని తాకెనని కొందరు, తాకనే లేదని కొందరు ప్రమాణములు చేసిరి. పామర్ లాస్ ఏంజిలిస్‌కు తిరిగిపోయి 1913 అక్టోబరు 20వ తేదీన మరణించెను. వైద్యులు నిర్ణయించిన కారణము సన్నిపాత జ్వరము, అనగా టైఫాయిడ్. రోగక్రిములే రోగకారణమను సిద్ధాంతమును జీవితమంతయు ధిక్కరించి, టీకాలను దుయ్యబట్టినవాడు క్రిములవలన కలుగు జ్వరముతోనే గతించెను. కారు దెబ్బయే మృత్యుహేతువని ఆతని ఆస్తి వ్యవహర్తలు బి.జె.పై వ్యాజ్యము తెచ్చిరి, అభియోగము నిలువలేదు. తండ్రిని కొడుకు చంపెనను ప్రవాదము మాత్రము ప్రత్యర్థుల నోట చాలకాలము నానెను. విచిత్రమేమన, అదే 1913లో కాన్సాస్ రాష్ట్రము కైరోప్రాక్టర్లకు అనుమతి పత్రములిచ్చు చట్టమును చేసెను. అమెరికాలో అదియే మొదటిది. చివరిది లూసియానాలో 1974లో వచ్చెను. ఆ రెంటి నడుమనున్న అరువదియేండ్లలో చెరసాలకు పోయిన కైరోప్రాక్టర్లు వందలకొలది. కాలిఫోర్నియాలో జరిమానా చెల్లింపక చెరసాలకే పోవుట ఒక ఉద్యమముగా సాగి, 1922లో ప్రజల ఓటుతో చట్టమును తెచ్చుకొనిరి.

ఇరుగున పుట్టిన ఆస్టియోపతి యేమైనది? స్టిల్ శిష్యులు క్రమముగా ఔషధములను, శస్త్రచికిత్సను తమ పాఠములలో చేర్చుకొని, ఇరువదవ శతాబ్ది మూడవ పాదము ముగియునప్పటికి అమెరికాలో తక్కిన వైద్యులతో సమానమైన హక్కులు పొందిరి. వారు వైద్యులైరి; ప్రత్యేకత చాలవరకు పోయెను. పామర్ శిష్యులు ప్రత్యేకతను నిలుపుకొనిరి, వైద్యులు కాలేకపోయిరి. ఎవరు లాభపడిరో చెప్పుట సులభము కాదు.

అమెరికా వైద్య సంఘము 1963లో కపట వైద్యమును అరికట్టుటకను పేరుతో ఒక ఉపసంఘమును నియమించి, కైరోప్రాక్టర్లతో ఏ సంబంధమును పెట్టుకొనరాదని తన సభ్యులను కట్టడి చేసెను. రోగిని పంపరాదు, రోగిని స్వీకరింపరాదు, ఒక వేదికపై కూర్చుండరాదు. 1976లో చెస్టర్ విల్క్ మున్నగు కైరోప్రాక్టర్లు ఆ సంఘముపై వ్యాజ్యము వేసిరి. పదకొండేండ్లకు, 1987లో, న్యాయమూర్తి సూసన్ గెట్జెండానర్ ఆ కట్టడి వ్యాపార పోటీని అణచు కుట్ర యని తీర్పు చెప్పెను. 1990లో పై న్యాయస్థానము దానిని స్థిరపరచెను. తీర్పు బహిష్కారమును తప్పుపట్టెనే కాని, కైరోప్రాక్టిక్ సిద్ధాంతము సత్యమని చెప్పలేదు. ఈ భేదమును గెలిచినవారు తరచు మరచుచుందురు.

సిద్ధాంతపు సత్యాసత్యములను పరిశోధన వేరుగా తేల్చుచు వచ్చెను. నడుము నొప్పి విషయమున వెన్ను సవరణ కొంత మేలు చేయునని, ఇతర చికిత్సలకు ఇంచుమించు తీసిపోదని పరీక్షలలో కనబడెను. 2017లో అమెరికన్ వైద్య నిపుణుల కళాశాల, నడుము నొప్పికి మందులకంటె ముందు ప్రయత్నింపదగిన మార్గములలో దీనిని పేర్కొనెను. చెవుడు, హృద్రోగము, ఉబ్బసము వంటి వానికి ప్రయోజనము కలదనుటకు తగిన సాక్ష్యము దొరకలేదు. మెడను తటాలున త్రిప్పిన పిదప మెదడునకు రక్తము కొనిపోవు ధమని చీలిన సంఘటనలు, అరుదుగానైనను, వైద్య పత్రికల కెక్కినవి. అనగా పామర్ చేతులు కొంత నిజము పట్టుకొనినవి. నూటికి 95 అను లెక్క నిలువలేదు.

వృత్తిలోని వివేకవంతులు దీనిని గ్రహించిరి. డెన్మార్కులో 1994 నుండి ఓడెన్సేలోని విశ్వవిద్యాలయమున కైరోప్రాక్టిక్ విద్యార్థులు వైద్య విద్యార్థులతో ఒకే తరగతిలో శరీరశాస్త్రము చదువుచున్నారు. 2005లో సిడ్నీలో కూడిన ప్రపంచ కైరోప్రాక్టిక్ సమాఖ్య, కైరోప్రాక్టర్ అనగా ఆరోగ్య వ్యవస్థలో వెన్నెముక ఆరోగ్యమున నిపుణుడని నిర్వచించెను. దంతములకు దంతవైద్యుడున్నట్లు వెన్నునకు ఈతడుండునని వారి భావము. 2010లో బ్రిటను దేశపు కైరోప్రాక్టర్లను నియంత్రించు మండలి, పూస తావు తప్పుటయే రోగకారణమను భావము చరిత్రకు సంబంధించినదే కాని, దానికి పరిశోధనా ప్రమాణము లేదని ప్రకటించెను. పామర్ విద్యను వదలి వృత్తిని నిలుపుకొను ప్రయత్నమిది. శుద్ధవాదులు దీనిని ద్రోహమందురు. పూసలోని రహస్యమును వదలినచో వ్యాయామ చికిత్సకునికిని తమకును తేడా ఏమని వారడుగుదురు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు.

అమెరికాలో సుమారు 70,000 మంది కైరోప్రాక్టర్లు పనిచేయుచున్నారు. అచ్చటి వృద్ధుల ఆరోగ్య బీమా పథకమగు మెడికేర్ 1972 నాటి శాసన సవరణతో వారి సేవలను చేర్చుకొనెను. చేర్చుకొనుటలో ఒక నియమము పెట్టెను. తావు తప్పిన వెన్నుపూసను చేతితో సవరించినందుకు మాత్రమే ప్రభుత్వము సొమ్ము చెల్లించును; కైరోప్రాక్టర్ చేసిన పరీక్షకు గాని, తీయించిన ఎక్స్‌రేకు గాని, నేర్పిన వ్యాయామమునకు గాని చెల్లింపదు. ఆ నియమము నేటికిని అమలులో నున్నది. కావున పూస తావు తప్పుట యను భావమును పరిశోధన తోసిపుచ్చినదని తరగతిలో బోధించిన ఆచార్యుడే, సాయంకాలము తన చికిత్సాలయములో వృద్ధ రోగి నడుము సవరించిన పిదప, చీటీపై ఏ పూస తావు తప్పెనో వ్రాసి సంతకము చేయవలసి యున్నది.